మా మామ తలపాగాకు చర్చిలో జరిగిన మర్యాద

పంతొమ్మిదివందల యాభైల్లో, నాకు పెళ్ళైన కొత్తలో, మా మామ తన తలపాగాను పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కారణం ఆయన దాయాది. కమలాపురం పక్కన, కాకి కూడా నీడ కోసం ఇంకో కాకినే వెతుక్కునే ఆ ఊళ్ళో, జాతరనాడు అమ్మవారి గుడిలో పూజారి ఒక పెద్దమనిషి తలకు పరివట్టం గుడ్డ చుడతాడు. అది మొదట ఎవరి తలకన్నదే ఆ వంశంలో తాతలనాటి యుద్ధం. ఆ గుడ్డతో గట్టిగా ముక్కు కూడా తుడుచుకోలేము. దానికోసం తలలు పగలగొట్టుకోవడానికి మాత్రం సిద్ధం. ఆ ఏడు అది దాయాది తలకెక్కింది.

"ఏదో ఒక గుళ్ళో నాకు తొలి మర్యాద జరిగేదాకా ఈ తలకు పాగా సుట్టను" అని మామ ఒట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఆయన బట్టతల రాయలసీమ ఎండలో ఎంతగా మెరిసిందంటే, పొలిమేర దాటి వచ్చే బాటసారులు ఇత్తడి బిందె అనుకుని దోసిళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

చుట్టుపక్కల గుళ్ళన్నిటిలో తొలి మర్యాదలు ఎవరో ఒకరు కబ్జా చేసే ఉన్నారు. మిగిలింది పొలిమేర అవతల పేటలోని కతోలిక చర్చి. మామ సేద్యగాడితో సహా ఆయన పొలంలో పనిచేసేవాళ్ళంతా అక్కడికే పోయేవాళ్ళు. ఆ ఆదివారం వాళ్ళ పండగ.

"మన సేద్యగాళ్ళ గుడి గదప్పా! మనం పోతే మనకు గాక ఇంకెవురికి చేస్తారు మర్యాద? నువ్వూ రా అల్లుడా. కర్నూల్లో సదువుకున్నోడివి, ఆ పద్ధతులు నీకు తెల్సుంటాయి."

నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కర్నూల్లో చర్చి ముందునుంచి పోతూ గోపురం మీది గడియారంలో టైము చూసుకునేవాణ్ణి. ఆ పాండిత్యంతోనే గురువునై బండెక్కాను. మామ పాగాను చంకలో మూటగా పెట్టుకున్నాడు, మర్యాద జరిగిన మరుక్షణం చుట్టుకోవడానికి.

మొదటిసారి చర్చికి పోయేవాళ్ళు మొట్టమొదట తెలుసుకోవలసింది, అక్కడ మీకోసం ఎవరూ ఎదురుచూడరు. చెప్పులు మామూలుగానే బయట విడవాలి. వాకిట్లో రాతి గిన్నెలో నీళ్ళుంటాయి. మామ తీర్థమనుకుని దోసిలి పట్టి నిలబడ్డాడు. పోసేవాడు రాడే! వచ్చినవాళ్ళు వచ్చినట్టు తమ వేలు తామే ముంచుకుని లోపలికి పోతున్నారు. ఇంకొకడు పోస్తే తప్ప దాహమే వేయని మనిషికి ఇదెంత కష్టమో ఊహించుకోండి.

లోపల చాపలు. ఒకవైపు ఆడవాళ్ళు, తలమీద కొంగుతో. ఇంకోవైపు మగవాళ్ళు. వాళ్ళందరివీ గుడ్డలేని తలలు. పేటవాళ్ళు మామ ఎదురుపడితే తలగుడ్డ తీయడం మామూలే కాబట్టి, ఇదీ తనకోసమేనని ఆయన నమ్మాడు. మెల్లగా తలాడిస్తూ అందరికంటే ముందుకు పోయి కూర్చున్నాడు.

పూజ మొదలైంది. ఫాదరు గోడవైపు తిరిగి, మనకు వీపు పెట్టి చదువుతున్నాడు.

"పెద్దమనిసి వస్తే ఈపు సూపిస్తాండాడేందప్పా?"

"దేవుడు అటువైపు ఉన్నాడు మామా."

"అదేం బాస?"

"లాటిన్."

"ఈళ్ళకు తెలుస్తాదా?"

"ఒక్క ముక్క తెలియదు."

"మన పూజారి మంత్రాల మాదిరే. అట్లయితే మంచి గుడే" అని మామ కుదుటపడ్డాడు.

కాసేపటికి తెల్లంగీ వేసుకున్న మనిషి ఒకడు, గొలుసులకు వేలాడే సాంబ్రాణి కుండ పట్టుకుని మావైపు వచ్చాడు. చూస్తే మామ సేద్యగాడే! అందరూ లేచి నిలబడ్డారు. అతను వంగి దండం పెట్టి, కుండను మావైపు ఊపాడు. పొగ వచ్చి మామ మొహం నిండా కమ్మింది. నిజానికి ఆ పొగ వెనక ఆఖరి చాపదాకా అందరికీ. కానీ ముందు నిలబడ్డవాడికి వెనకవాళ్ళు కనిపిస్తారా?

"సూస్తివా అల్లుడా!" మామ కళ్ళనుంచి నీళ్ళు. సగం ఆనందం, సగం సాంబ్రాణి. చంకలో మూట విప్పి పాగా చుట్టడం మొదలుపెట్టాడు. ఆ గుడ్డ పొడవు పెన్నను ఈ గట్టునుంచి ఆ గట్టుకు కట్టడానికి సరిపోతుంది. చుట్టి, చుట్టి, కుచ్చు నిలబెట్టేసరికి గంట మోగింది. పేటంతా ఒక్కసారిగా మోకాళ్ళ మీద పడింది.

మామ వెనక్కి తిరిగి చూశాడు. ఆడా మగా, పిల్లా జెల్లా, అందరూ మోకాళ్ళ మీద. ముందు పాగాతో నిలబడింది తానొక్కడు. అమ్మవారి గుడి పుట్టిననాటినుంచి దాయాదుల వంశంలో ఎవడికైనా జరిగిందా ఈ మర్యాద? ఆ మొహంలో అంత వెలుగు చూసి నాకు జాలి వేయలేదు, నవ్వు వచ్చింది.

పీఠం దగ్గర మోకరించిన సేద్యగాడు గొలుసు పట్టుకునే గుసగుసగా అన్నాడు: "సామీ, ఈడ మొగోళ్ళు తలగుడ్డ తీయల్ల."

"నాకు జెప్తాండావా? నువ్వు?"

అప్పుడు వెనకనుంచి ఒక ముసలమ్మ, ఆమెకు చూపు తక్కువ, గొంతు ఎక్కువ: "ఓయప్పా, ఎవురది ముందర గుడిసె నిట్టాడు మాదిరి నిలబడింది? దేవుడు కనపడకుండా అడ్డముండావే! కూసో!"

మామ కూర్చున్నాడు. పాగా తీసి చాపమీద పెట్టాడు. పూజ అయిపోగానే ఎవరి మొహమూ చూడకుండా బండెక్కాడు.

పొలిమేర దాటగానే మామకు మాట వచ్చింది. సాయంత్రానికి అరుగు మీద జనం, ఎదురరుగు మీద దాయాది, వినీవిననట్టు. "పొగేసినారా లేదా, సెప్పు అల్లుడా?" వేశారు మామా. "పేటంతా మోకాళ్ళ మీద పడిందా లేదా?" పడింది మామా. అన్నీ నిజాలే.

గడపలోనుంచి మా అత్త అడిగింది: "అంత మర్యాద జరిగుంటే, పాగా యాడ?"

మామ తల తడుముకున్నాడు. ఇత్తడి బిందె. ఎదురరుగు దాయాది గొంతు సవరించుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సేద్యగాడు వీధి మలుపు తిరిగాడు. మడిచిన పాగాను రెండు అరచేతుల్లో పెట్టుకుని, పొద్దుటి సాంబ్రాణి వాసనతో. "సామీ, గుళ్ళో మర్సి..."

మామ వాణ్ణి మాట పూర్తి చేయనివ్వలేదు. గబగబా లేచి, వాడి ఎదుట తల వంచాడు. వీధిలో ఎవరూ ఎన్నడూ చూడని దృశ్యం అది.

"గుళ్ళోనుంచి పరివట్టం పంపించినారు, సూడండి! సుట్టురా, నీ సేత్తోనే సుట్టు!"

సేద్యగాడు నావైపు చూశాడు. నేను బండి ఎద్దులవైపు చూశాను. వాడు చుట్టాడు.

తరువాతి ఆదివారం తెల్లవారకముందే దాయాది పేటకు బండి కట్టించాడు. ఆయన పాగా మామ పాగాకంటే రెండింతలు.