తట్టి చూడని చెట్టు

నా చిన్నప్పుడు, అరవైల మొదట్లో, పిడుగురాళ్ల దారిలో రెండు ఇంజను రంపాలకు పోటీ పెట్టారు. ఆ పోటీ వివరాలు కాగితం మీద రాసింది నేనే. అప్పటికి నాకు పదకొండేళ్ళు. మా తాతయ్య చెట్లు కోసే ముఠాకు మేస్త్రీ. ఆయనకు చదువు రాదు గనుక పని వివరాలన్నీ నా చేత రాయించేవాడు.

రోడ్డు వెడల్పు చేయడానికి పాత చింతచెట్లను తీసేస్తున్నారు. ఆ కట్టె సున్నపు బట్టీలకు వెళ్ళేది. ఆ రోడ్డు పని పట్టిన కంట్రాక్టరు దగ్గర అప్పటికే ఒక కంపెనీ రంపం ఉంది. ఏళ్ళ తరబడి వాడినది. ఇద్దరు పట్టుకుంటే తప్ప లేవదు, కోసే పళ్ళ గొలుసు మందకొడిగా తిరుగుతుంది. ఇప్పుడు మరో కంపెనీ కొత్త రంపం తెప్పించాడు. దాన్ని ఒక్క మనిషే ఎత్తగలడు, గొలుసు తిరగడం కంటికి ఆనదు. ఏది మేలో తేల్చుకుని దారి పొడవునా దానితోనే కోయించాలని ఆయన ఉద్దేశం.

చేతి రంపాల కాలం నుంచీ మా తాతయ్యది ఒక పద్ధతి. రంపం పెట్టేముందు గొడ్డలి తిరగేసి మొదలు చుట్టూ తట్టేవాడు, అరచేత్తో బెరడంతా తడిమేవాడు. మా వైపు ఎవరికైనా దయ్యం పట్టిందంటే, దాన్ని దించి చింతచెట్టుకు మేకుతో బిగగొట్టించడం ఆచారం. ఏళ్ళు గడిచాక ఆ మేకు మీద బెరడు మూసుకుపోతుంది. దాని జాడ తెలిస్తే మూరెడు కిందికి కోసేవారు.

పోటీనాడు కంట్రాక్టరు దానికి ఒప్పుకోలేదు.

"నువ్వట్టా తడుముతా కూర్చుంటే ఇది ఎప్పటికి తేలుద్ది మేస్త్రీ? చెట్టుకేమన్నా జొరమొచ్చిందా?"

అందరూ నవ్వారు.

"మేకులు కొట్టింది మనమేనయ్యా. మరిచిపోయిందీ మనమే," అన్నాడు తాతయ్య. అని, పక్కకు జరిగాడు. అలా జరిగినందుకు ఆయన బతికినన్నాళ్ళూ తనను తాను క్షమించుకోలేదు.

కంట్రాక్టరు చేతి గడియారం చూసి నిమిషాలు చెప్పేవాడు, నేను రాసేదాన్ని. పాత రంపం రెండో చెట్టులోనే మేకుకు తగిలింది. ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది, పళ్ళు విరిగాయి. "ముసలిది మొరాయించింది, రాసుకో," అన్నాడు కంట్రాక్టరు. లోపాల వరసలో 'ఆగిపోయింది' అని రాశాను. కొత్తది సగం సమయంలోనే చెట్టు కూల్చేది. మేకు లేని కొయ్యలో దానికి సాటి లేదని నేటికీ ఒప్పుకుంటాను.

దాన్ని పట్టింది మా పక్కింటి అన్న, ఇద్దరు పసిపిల్లల తండ్రి. మూడో చెట్టులో దానికీ మేకు తగిలింది. అది ఆగలేదు. ఎగిరి వెనక్కి వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో అన్న కుడిచేతిని మణికట్టు దగ్గర తీసేశారు.

రెండు రోజులకు తెలిసింది: రోడ్డు ఇంజనీరుకు రాసిన కాగితంలో కంట్రాక్టరు, ప్రమాదానికి కారణం 'పనివాడి అజాగ్రత్త' అన్నాడు. యంత్రంలో లోపం లేదనడానికి నేను రాసిన కాగితాన్నే జతచేశాడు. ఆ మాట నిలిస్తే ఒంటిచేతి మనిషిని కాపలా పనికైనా ఎవరూ పిలవరు.

తాతయ్య నా దగ్గరున్న నకలు చదివించుకున్నాడు. చెట్టు, రంపం, నిమిషాలు అన్నీ విన్నాడు.

"తట్టొద్దన్న మాట ఏదమ్మాయ్?"

"అది పోటీలోది కాదుగా తాతయ్యా. నిమిషాలే రాయమన్నారు."

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "నేను నోరు మూసుకున్నా, నువ్వు కలం మూసుకున్నావు. ఇప్పుడు రాయి," అన్నాడు.

జరిగింది జరిగినట్టు రాశాను. తట్టవద్దన్నది ఎవరు, ఏ మాటలతో అన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు పక్కకు జరిగారు, అన్నీ. తాతయ్య ముఠాను కూర్చోబెట్టి నాచేత గట్టిగా చదివించాడు. 'అందరూ నవ్వారు' అన్నచోట ఎవరూ తల ఎత్తలేదు. మొదటి వేలిముద్ర తాతయ్యది. తరువాత నవ్వినవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు వేశారు. ఆ కాగితం పట్టుకుని ఆయన నడిచి వెళ్ళి ఇంజనీరు చేతికే ఇచ్చాడు.

ఇంజనీరు 'అజాగ్రత్త' అన్న మాట కొట్టేశాడు. అంతకుమించి ఏమీ జరగలేదు. కంట్రాక్టరును ఎవరూ ఏమీ అనలేదు. కొత్త రంపమే దారంతా కోసింది, కాకపోతే ప్రతి చెట్టునూ తట్టి చూశాకే. అన్న మాత్రం ఎడమచేత్తో ముద్ద కలుపుకోవడం నేర్చుకున్నాడు. తరువాత ఒక బట్టీ దగ్గర కాపలాకు కుదిరాడు.

ఇప్పటికీ రంపాల దుకాణాల్లో కరపత్రాలు చూస్తుంటాను. పాతది ఇంత, కొత్తది ఇంత అని వేగాలు అచ్చువేస్తారు. మేకు తగిలితే ఏది ఆగుతుందో, ఏది ఆగదో ఒక్కరూ వేయరు. నాకు కోపం వస్తుంది. ఇన్నేళ్ళుగా నేను రాసే ప్రతి పని వివరాల పుస్తకంలోనూ అంకెలకు ముందు ఒక గడి గీస్తాను: ఏం చేయవద్దన్నారు, ఎవరన్నారు. అది నిండాకే మిగతావి రాస్తాను.

ఆనాటి నకలు నా దగ్గరే ఉంది. పాత రంపం లోపాల వరసలో, నా గుండ్రటి చేతిరాతతో, 'ఆగిపోయింది' అని ఉంటుంది. దాన్ని నేను దిద్దలేదు.