పలక చట్రంలో చీమలు

ఏనుగుకు ఎంత శ్రద్ధగా ఊపిరి ఇచ్చాడో చీమకూ అంతే శ్రద్ధగా ఊపిరి ఇచ్చిన దేవునికి స్తోత్రం. కన్నీళ్ళు తుడిచే ముందు వాటిని రానిచ్చే తండ్రికి స్తోత్రం. ఈ వయసు దాకా నన్ను నడిపించి, ఈ నాలుగు మాటలు రాసేందుకు చూపునూ వేళ్ళలో సత్తువనూ మిగిల్చిన ఆయన కృపకు స్తోత్రం.

నా చిన్నప్పుడు మేము గిద్దలూరులో, రైలు పట్టాలకు అవతల మా చర్చి సంఘస్థుల ఇళ్ళున్న పాలెంలో ఉండేవాళ్ళం. మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రాతి పలక చుట్టూ కట్టె చట్రం బిగించడం ఆయన పని. వారమంతా అక్కడే ఉండి, శనివారం సాయంత్రం రైలుకు ఇంటికి వచ్చేవాడు. ఆయన చొక్కా ఎంత ఉతికినా పలకరాతి దుమ్ము వాసన పోయేది కాదు.

మా అమ్మ కాన్పు కష్టమై కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళింది. తిరిగి జీపులో, ప్రాణం లేకుండా వచ్చింది. బిడ్డ కూడా దక్కలేదు. తమ్ముడు ఇంకా బడి ఈడు రాని పసివాడు. భూస్థాపన రోజు వాడిని రాచర్లలో బంధువుల ఇంటికి పంపేశారు. నేను పెద్దదాన్ని గనుక సమాధుల తోటకు వెళ్ళాను, మట్టి వేశాను. తమ్ముడు తిరిగివచ్చి అమ్మ ఏదని అడిగితే, మా నాయన వాడి వైపు చూడకుండా, "ఆసుపత్రిలో ఉంది నాయనా. బాగైనాక వస్తాది" అన్నాడు. ఆ మాట అన్నాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం ఒకటే తంతు. రైలు కూత వినబడగానే తమ్ముడు స్టేషన్ వైపు పరుగెత్తేవాడు, వాడి వెనక నేను. పెట్టెలన్నిటి వైపూ చూసేవాడు. నాయన ఒక్కడే దిగేవాడు. దిగి, సంచిలోంచి బిస్కెట్ల పొట్లం తీసి, "అమ్మ పంపింది" అనేవాడు. తమ్ముడు అందులో ఒక బిస్కెట్టు తీసి అమ్మ కోసమని రేకు డబ్బాలో దాచేవాడు. మిగతావే తినేవాడు. నా వంతువి నేను వాడికే ఇచ్చేసేదాన్ని. తెలిసిన మాటను నోట్లో పెట్టుకుని తిరగడం ఎంత బరువో పిల్లలకూ తెలుసు.

మమ్మల్ని చూసుకోవడానికి కంభం నుంచి మా మేనత్త వచ్చింది. నాయనకు స్వయానా చెల్లెలు. పెళ్ళైన కొన్నాళ్ళకే భర్తను పోగొట్టుకున్న మనిషి. వాక్యం బాగా చదివింది, సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పేది. మా ఇంట్లో ఆమె ఏ గిన్నె ముట్టుకున్నా తమ్ముడు, "అది మా అమ్మది" అనేవాడు. ఆమె దాన్ని పక్కన పెట్టి, తను తెచ్చుకున్న గిన్నెలోనే వండేది.

ఒకరోజు ఆ రేకు డబ్బాకు చీమలు పట్టాయి. గోడ మొదట్లోంచి బారు కట్టి వచ్చి, అమ్మ కోసం దాచిన బిస్కెట్లను పొడి పొడి చేసి మోసుకుపోతున్నాయి. తమ్ముడు నేలమీద పడి ఏడ్చాడు. ఇంకొకరైతే ఆ చీమల మీద వేన్నీళ్ళు పోసేవాళ్ళే. అత్త వాడిని ఒళ్ళోకి లాక్కుని, "తిట్టొద్దు నాయనా. చీమల దగ్గరికి పోయి బుద్ధి నేర్చుకోమని దేవుడే చెప్పినాడు. మనమెందుకు పోవాల? వాటినే పిలుచుకుందాం" అంది.

నాయన తెచ్చి పడేసిన రెండు ఖాళీ పలక చట్రాలను ఒకదానిమీద ఒకటి పెట్టి మేకులు కొట్టింది. గోడకున్న వాక్యపు పటాల అద్దాలు రెండు ఊడదీసి అటూ ఇటూ బిగించింది. వాక్యానికి అద్దం తీసేశావేమని అడిగితే, "వాక్యం గుండెలో ఉండాల గానీ అద్దంలో కాదులే" అంది. మధ్యలో జల్లించిన ఎర్రమట్టి కాస్త తడిపి నింపింది. పైన చిన్న సందు ఉంచి దానికి తడి దూది పెట్టింది. బెల్లం పూసిన ఆకు చీమల బారులో పెట్టి, అది నల్లగా నిండాక లోపలికి దులిపింది. చీకటిగా ఉంటేనే అద్దం పక్కన దారులు తవ్వుతాయని, రెండు వైపులా రెండు రాతి పలకలు ఆనించి దారంతో కట్టింది. దాన్నీ, కొత్తగా కడిగిన రేకు డబ్బానూ, చీమలు దాటకుండా, ఒక్కో నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టింది.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి నవ్వింది. "ఏమ్మే, బర్రెను కట్టేసుకుంటే పాలొస్తాయి. చీమల్ని కట్టేసుకుంటే ఏమొస్తాది?"

"బుద్ధొస్తాది పెద్దమ్మా. కావాలంటే నీకూ ఒక చట్రం చేసిస్తా."

"నాకున్నది చాల్లే తల్లీ, ఇంక మోయలేను" అంటూ వెళ్ళింది. అమ్మ పోయాక మా ఇంట్లో నవ్వు వినబడటం అదే మొదలు.

పలకలు తీసి చూస్తే లోపల ఒక ఊరే ఉంది. సన్నటి వీధులు, మలుపులు, ఒక మూల గది. తమ్ముడు ముక్కు అద్దానికి ఆనించి గంటలు కూర్చునేవాడు. ఏ కొత్త దారి కనబడినా, "అమ్మ వచ్చినాక చూపిస్తా" అనేవాడు. మీకు రాజు లేడు, పైన అజమాయిషీ చేసేవాడు లేడు, అయినా ఎంత కుదురుగా పని చేసుకుంటున్నారో అని అత్త చీమలను మెచ్చుకునేది. వాక్యంలో అలాగే ఉంది గనుక, ఆ చట్రంలో ఏ లోటూ లేదనే ఆమె నమ్మింది.

కొన్ని వారాలకు చీమలు తగ్గసాగాయి. చక్కెర ఉంది, తడి ఉంది, ఎవరూ తొక్కలేదు. అయినా ఒక్కొక్కటే కదలిక మానేసింది. మిగిలినవి వాటిని మోసుకుపోయి ఒక మూల కుప్ప వేసేవి. తమ్ముడు ఆ మూల చూపించి ఏమైందని అడిగితే అత్త తడబడి, "నిద్రపోతాండాయి" అంది. నేను ఆమె ముఖం చూశాను. నాయన స్టేషన్లో బిస్కెట్లు ఇస్తూ వాడి కళ్ళు తప్పించి ఎటు చూసేవాడో ఆమె కూడా అటే చూసింది.

ఒక మధ్యాహ్నం తమ్ముడు పడుకున్నప్పుడు, అత్త చర్చి ప్రహరీ దగ్గర ఉన్న పుట్ట నుంచి ఇంకొన్ని చీమలను ఆకుమీద పట్టి తెచ్చి చట్రంలో వేసింది. అచ్చం అలాంటివే, అదే నలుపు. వాడికి తేడా తెలియకూడదని, వాడి ఊరు ఖాళీ కాకూడదని ఆమె తాపత్రయం. పలకలు కట్టేసి, నన్ను చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది.

వాడు లేచి దారం విప్పాడు. లోపల వీధుల నిండా యుద్ధం. ఒకదాని మెడ ఒకటి పట్టుకుని, కాళ్ళు తెగి, సగం దేహాలతో ఇంకా వదలకుండా పెనుగులాడుతున్నాయి. కొత్తవి పాతవాటి గదిలోకి పోలేక అద్దం పైకి పాకుతున్నాయి. తమ్ముడు ఏడవలేదు. చాలాసేపు చూసి, "అత్తా, ఇవి మనవి కావు" అన్నాడు.

అత్త అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఆ సాయంత్రం పొయ్యి వెలిగించలేదు. ప్రార్థన మాత్రం చేసింది. పైకి మాటలేవీ రాలేదు, పెదవులు కదిలాయి, అంతే.

ఆ శనివారం రైలు కూసినప్పుడు మాతో పాటు అత్త కూడా బయలుదేరింది. తమ్ముడు ఇంకా అవతలి పెట్టెల వైపు చూస్తుండగా, నాయన దిగి సంచిలో చెయ్యి పెట్టగానే అత్త ఆయన మణికట్టు పట్టుకుంది. "అన్నా, ఈ పొట్లం వదినె పంపిందని ఇంక చెప్పొద్దు."

"పసోడే. తట్టుకోలేడు."

"తట్టుకోలేనిది వాడు కాదన్నా. మనం."

ఇంటికి వచ్చాక ఆమె తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నాయన గడప మీదే ఆగిపోయాడు. ఆమె వాక్యం ఎత్తలేదు, కథ ఎత్తలేదు. "అమ్మ ఆసుపత్రిలో లేదు నాయనా. సచ్చిపోయింది. సమాధుల తోటలో పెట్టినాము. ఇప్పుడు దేవుని దగ్గర ఉంది. మన దగ్గరికి ఇంక రాదు" అంది. దేవుని మాట ముందు చెప్పి చావును దాని వెనక దాచలేదు. ముందు చావునే చెప్పింది.

తమ్ముడు చట్రం వైపు చూశాడు. "చీమల మాదిరా?"

"అవును. చీమలు కూడా నిద్రపోలేదు. నేను అబద్ధం చెప్పినాను."

"మరి నువ్వు?"

"నేను వేరే పుట్ట చీమను రా. మీ అమ్మను కాను, కాలేను. మీరు ఉండనిస్తే ఉంటా."

వాడు లేచి నీళ్ళ పళ్ళెంలోంచి రేకు డబ్బా తెచ్చాడు. అమ్మ కోసం దాచినవి మెత్తబడి ఉన్నాయి. ఒకటి నాకిచ్చాడు. గడప దగ్గరికి వెళ్ళి ఒకటి నాయన చేతిలో పెట్టాడు. ఒకటి పట్టుకుని అత్త ముందు చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత దాన్ని ఆమె ఒళ్ళో పెట్టి, "ఇంక దాచే పన్లేదు గదా" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. వాడితో పాటు మా నాయన కూడా ఏడ్చాడు. భూస్థాపన నాడు కూడా ఆయన ఏడవగా నేను చూడలేదు.

మర్నాడు ఆరాధన అయ్యాక నలుగురం సమాధుల తోటకు వెళ్ళాం. వచ్చేటప్పుడు చట్రంలో మిగిలిన చీమలను మా గోడ మొదట్లో, అవి వచ్చిన సందు దగ్గరే వదిలేశాం. ఆ వానాకాలం గోడ ఉరుస్తోందని నాయన అదే చోట గడ్డపారతో తవ్వితే, లోతులో ఒక గది బయటపడింది. మధ్యలో మిగతావాటికంటే ఎంతో పెద్దదైన ఒక చీమ, చుట్టూ బియ్యపు నూకలాంటి గుడ్లు. మేము బారులోంచి పట్టినవన్నీ పనిచీమలేనని, తల్లి లేక వాటికి కొత్త పిల్లలు పుట్టలేదని అప్పుడు తెలిసింది. అత్త చాలాసేపు వంగి చూసింది. "వాక్యం తప్పు కాదు. వాటికి ఏలిక లేడన్నాడు గానీ తల్లి లేదనలేదు" అని మెల్లగా అని, నాయన చేత ఆ మట్టి తిరిగి కప్పించింది.

అత్త మళ్ళీ కంభం పోలేదు. మా ఇంట్లోనే ముసలిదై, ప్రభువు పిలుపు అందుకుంది. చివరి దాకా మేము ఆమెను అత్తా అనే పిలిచాం. అమ్మా అని పిలవమని ఆమె ఎన్నడూ అడగలేదు.

పోయిన ఏడు మా తమ్ముడు తన మనవడికి ఆన్‌లైన్‌లో ఒక చీమల పెట్టె తెప్పించాడు. ప్లాస్టిక్ అద్దాలు, లోపల తెల్లటి దారులు. తల్లి చీమ లేనిదే పెట్టె తెరవనని పట్టుబట్టి, మొదటి వానలకు రెక్కలు రాల్చుకుని దారి వెతుక్కుంటున్న ఒక తల్లి చీమను తనే పట్టి తెచ్చాడు. తాతా మనవళ్ళు ఇద్దరూ ముక్కులు అద్దానికి ఆనించి కూర్చునేవాళ్ళు. ఈ వేసవిలో తమ్ముడు గుండె ఆగి పోయాడు. పిల్లవాడికి మాత్రం, తాత హైదరాబాదులో ఆసుపత్రిలో ఉన్నాడని ఇంట్లోవాళ్ళు చెప్పారు. ఎవరినీ తప్పుపట్టలేను, అది ప్రేమే. కానీ వాడు ఏ మోటారు శబ్దం విన్నా గేటు దగ్గరికి పోవడం చూసి నాకు మనసు నిలవలేదు. తమ్ముడి కోడలిని ఒప్పించి, వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మా అత్త చెప్పిన వరసలోనే చెప్పాను. ముందు చావు, తర్వాత సమాధి, తర్వాత దేవుడు.

వాడు నా మాట విని, లేచి చీమల పెట్టె దగ్గరికి వెళ్ళాడు. "మరి చీమలకు నీళ్ళు ఎవరు పెడతారు అవ్వా?" అన్నాడు.

ఇద్దరం కలిసి పెడదామన్నాను. రోజూ పొద్దున్నే దూది తడుపుతున్నాం. వాడు తాతను గురించి అడుగుతాడు, నాకు తెలిసింది చెబుతాను, తెలియనిది తెలియదంటాను. నా కంట నీళ్ళు వస్తే వాడికి కనబడనిస్తాను.

ఇది చదివిన మీరు ఇక్కడే ఒక్క నిమిషం ఆగి, నాతో కలిసి కళ్ళు మూసుకోండి. ఏ గేటు దగ్గరో, ఏ స్టేషన్లోనో రానివాళ్ళ కోసం చూస్తున్న పిల్లల పేర్లు మీకు తెలిసినవి ఉంటే పలకండి. వాళ్ళకు నిజం చెప్పే నోటిని, చెప్పాక లేచిపోకుండా పక్కన కూర్చునే మనిషిని ఇమ్మని తండ్రిని అడుగుదాం. మా పిల్లవాడి పేరు కూడా ఆయనకు తెలుసు. ఆమేన్.