ఖాళీ లేని మూడేళ్ళు

ఆమెను ఆఫీసులో అందరూ గళ్ళక్క అనేవారు. వయసులో ఆమెకన్నా పెద్దవాడైన మా సెక్షన్ అధికారి కూడా అక్కా అనే పిలిచేవాడు. విశ్వవిద్యాలయంలో చేరబోయే పిల్లల్లో ఎవరిది స్థానిక ఫీజు, ఎవరిది విదేశీ ఫీజు అని తేల్చే గదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. అందులో పదకొండేళ్ళు ఆమె పక్క బల్ల నాది.

ఇందులో తేల్చడానికేముంది, పాస్‌పోర్టు చూస్తే తెలిసిపోదా అని బయటివాళ్ళు అంటుంటారు. తెలియదు. చదువు మొదలయ్యే రోజుకు ముందు మూడేళ్ళు మనిషి ఈ దేశంలో నివాసం ఉన్నాడా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఇక్కడే పుట్టినవాడైనా ఆ మూడేళ్ళు బయట ఉంటే విదేశీ ఫీజే పడుతుంది. ఆ ఫీజు స్థానికానికి మూడింతలు. చాలామంది చదువు ఆ మెట్టు దగ్గరే ఆగిపోయేది. అయితే రూలుకు కొంచెం దయ కూడా ఉంది. తప్పనిసరి పని మీద వెళ్ళి, ఇక్కడి ఇల్లు ఇక్కడే నిలుపుకుని తిరిగొస్తే, దాన్ని తాత్కాలిక గైర్హాజరీ కింద మన్నిస్తుంది.

గళ్ళక్క భర్త దూరప్రయాణాల లారీ నడిపేవాడు. "మా ఆయన నెలకు పన్నెండు రోజులే ఇంట్లో ఉంటాడు. అయినా ఆ ఇల్లు ఆయనది కాకుండా పోతుందా? ఇంటికీ రోజులకీ ఉన్న చుట్టరికం నాకు తెలిసినంత ఆ రూలు రాసినవాడికి కూడా తెలీదు" అనేది.

ఆమెకు ఆ పేరు రావడానికి కారణం ఆమె సొంత పద్ధతి. ప్రతి దరఖాస్తుకూ పెద్ద కాగితం మీద ముప్పయ్యారు వరసలు గీసేది, నెలకొకటి. వరసలో రోజుకొక గడి. బడి హాజరు, దంతవైద్యుడి చీటీ, గ్రంథాలయం రసీదు, ఏది దొరికితే దాని తేదీ చూసి ఆ గడిని పెన్సిల్‌తో నల్లగా నింపేది. ఎవరూ చెయ్యమన్న పని కాదది. చేశాక కాగితాన్ని కిటికీకేసి పట్టుకుని చూసేది. "ఈ పిల్లాడు సెలవులకి తండ్రి దగ్గరికి పోతున్నాడు. ఈ పిల్లకి ఆ చలికాలం పెద్ద జబ్బు చేసింది" అనేది. పిలిచి అడిగితే నిజమయ్యేది. మామూలు మనిషి కాగితంలో మూడు నాలుగు వందల గళ్ళు నిండుతాయి. మిగతావన్నీ తెల్లగా ఉంటాయి. ఊరికే ఇంట్లో కూర్చున్న రోజులు, అలిగి పడుకున్న రోజులు, చూరుకేసి చూస్తూ గడిపిన రోజులు. మనిషి ఉన్నాడనడానికి అవే పెద్ద సాక్ష్యమని ఆమె నమ్మకం.

ఒక సంవత్సరం తరగతులు మొదలయ్యే ముందు వారంలో ఒక ఫైలు వచ్చింది. పశువైద్యం చదవబోయే అమ్మాయిది. పంపింది మేనత్త. ఫైలు అనడం నా మర్యాద. అది తాడుతో కట్టిన చెప్పుల పెట్టె.

గళ్ళక్క సోమవారం పొద్దున మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి ఒక ఏడాది నిండింది. నిండింది అంటే నిజంగానే నిండింది. సాయంత్రం లేస్తూ, "ఈ అమ్మాయి ఒక్క రోజు కూడా ఊరుకోలేదే" అంది నవ్వుతూ. మంగళవారం నవ్వలేదు. ఆదివారాలకు బస్సు టికెట్ల వెనక అమ్మాయి పేరు. వరదొచ్చి ఊరంతా మూడు రోజులు మూతపడ్డప్పుడు మూడు రోజులకూ వీధి చివరి మందుల దుకాణం చీటీలు, రోజుకు రెండు తలనొప్పి మాత్రలు. బుధవారం పదకొండింటికి చివరి గడి పడింది. వెయ్యిన్నీ తొంభై ఆరు రోజులు. ఒక్కటీ తెల్లగా లేదు. కాగితమంతా పెన్సిల్ సీసం అంటుకుని నున్నగా మెరుస్తోంది. వంగి చూస్తే అందులో మన తల నీడ కనబడింది.

సెక్షన్ అధికారి వచ్చి చూసి సంతోషించాడు.

"సంతకం పెట్టి పంపేయక్కా. తక్కువ తెచ్చినవాళ్ళని తిడతావు, ఎక్కువ తెచ్చినవాళ్ళనీ తిడతావా?"

"తిట్టడం లేదు సార్. భయపడుతున్నాను."

"సాక్ష్యానికా?"

"ఇన్ని రోజులు ఇంత ఒద్దికగా బతికేవాళ్ళు ఉండరు సార్. నేను ఎవరినీ చూడలేదు."

"శుక్రవారం సాయంత్రానికి జాబితా మూసేస్తాను. ఈలోపు భయపడేదంతా భయపడు" అన్నాడాయన.

అమ్మాయిని రమ్మని కబురు పంపితే మేనత్త వచ్చింది. బట్టలు సరిచేసి కుట్టే పని ఆవిడది. సన్నగా, యాభై దాటిన మనిషి. ఎడమ కాలు కొంచెం ఈడుస్తుంది. "అమ్మాయికి ఒంట్లో నలతగా ఉందండీ. ఇంట్లోనే ఉంది. మీరే వస్తానంటే రండి, కాదంటానా" అంది. అలా ఆ మధ్యాహ్నం నేనూ గళ్ళక్కా వెళ్ళాం.

కింద ఇస్త్రీ దుకాణం. దాని మీద ఆవిడ గది, ఆ పైన చెక్కమెట్లు ఎక్కితే అమ్మాయి గది. కుట్టుమిషను పక్కన బల్ల మీద రెండు కప్పులు బోర్లించి ఉన్నాయి. కొక్కేనికి అమ్మాయి నీలం కోటు, కింద చెప్పులు. ఆవిడ మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేసింది.

"అమ్మడూ, ఆఫీసువాళ్ళొచ్చారే."

ఒక్క క్షణం చెవి ఒగ్గి విని మాతో, "తల దువ్వుకుంటోంది. ఇప్పుడే వస్తుంది, కూర్చోండి" అంది. నాకేమీ వినబడలేదు. టీ పోసింది. తాగాం. ఎవరూ రాలేదు.

"నేనే పైకెళ్ళి పలకరిస్తాను" అని గళ్ళక్క లేచింది. ఆవిడ వద్దనలేదు. సూదిలో దారం ఎక్కిస్తూ నా ఎదురుగా కూర్చుంది.

గళ్ళక్క నడక నాకు తెలుసు. మడమలు గట్టిగా మోపుతుంది. పై చెక్కల మీద ఆ అడుగులు కిటికీ దాకా వెళ్ళాయి. వాటి వెనకే ఇంకో నడక వినబడింది. ఒక అడుగు పడుతోంది, ఇంకో అడుగు ఈడ్చుకుంటోంది. నేను ఎదురుగా చూశాను. కాలు ఈడ్చే మనిషి నా ముందే కూర్చుని ఉంది. సూది బెజ్జంలోంచి దారం లాగుతూ, "అదిగో, లేచింది" అంది.

గళ్ళక్క కిందికి దిగింది. కొక్కెం దగ్గర ఆగి అమ్మాయి చెప్పులు తిరగేసి చూసింది. ఎడమ చెప్పు బయటి అంచు అరిగి పల్చబడింది. మళ్ళీ పెట్టేసింది. వీధిలోకి వచ్చాక చెప్పింది.

"పైన ఎవరూ లేరు. దువ్వెన ఉంది. దాని నిండా నెరిసిన వెంట్రుకలే."

"మరి ఆ నడక?"

"నీకూ వినబడిందా?" అని మాత్రం అంది.

ఇస్త్రీ ఆయన బొగ్గు ఊదుకుంటున్నాడు. పైనింటి అమ్మాయి తెలుసా అని గళ్ళక్క అడిగింది.

"తెలీకేం. రోజూ వస్తుంది. రోజూ ఒక్క జాకెట్టే ఇస్తుంది, దానికీ చీటీ కావాలంటుంది. చాదస్తపు పిల్ల."

"ముఖం ఎలా ఉంటుంది?"

"గొడుగు కింద ముఖాలెవరు చూస్తారమ్మా? నీలం కోటు వస్తే ఆ పిల్లే."

"వాళ్ళ మేనత్తో?"

"ఆవిడా? ఆవిడ ఎప్పుడో వెళ్ళిపోయిందిగా. మూడేళ్ళయింది. పాపం, నోట్లో నాలుక లేని మనిషి. ఇప్పుడు పైన ఆ పిల్ల ఒక్కతే."

"ఇప్పుడే ఆవిడతో టీ తాగి దిగుతున్నాం."

ఆయన ఇస్త్రీపెట్టె కింద పెట్టి మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఎవరితో తాగారో మరి" అని మళ్ళీ బొగ్గు ఊదుకున్నాడు.

గురువారం పొద్దున మా కిటికీ దగ్గరికి చక్రాల పెట్టె లాక్కుంటూ ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. దరఖాస్తు తనదేనంది. విమానం దిగి నేరుగా వస్తోంది. గళ్ళక్క కుర్చీ వేసి కూర్చోబెట్టి, మెల్లగా మొత్తం చెప్పించింది. తొమ్మిదో ఏట నుంచీ మేనత్త దగ్గరే పెరిగింది, ఇక్కడే బడికి వెళ్ళింది. పదిహేడో ఏట, పరాయి దేశంలో ఉన్న తల్లికి పక్షవాతం వచ్చిందని రెండు నెలలకని వెళ్ళింది. తండ్రి లేడు, చూసేవాళ్ళు లేరు. రెండు నెలలు మూడేళ్ళయ్యాయి. తల్లి పోయి నాలుగు నెలలు.

"ఇక్కడే ఉన్నట్టు రాయమని నేను చెప్పలేదండీ. నీ చోటు చెదరనివ్వనే అంది అత్త. గది ఖాళీ చెయ్యదు కాబోలు అనుకున్నా."

చెప్పుల పెట్టె చూపిస్తే చీటీలు ఒక్కొక్కటీ తీసి చూసింది. తన పేరు, తన సంతకం. గ్రంథాలయం రసీదుల దగ్గర ఆగి, "ఈ పుస్తకాలన్నీ నేను చదివానా?" అని అడిగింది.

అధికారి మండిపడ్డాడు. "మోసం. కొట్టేసి విదేశీ కింద వెయ్యి. చేరితే చేరుతుంది, లేకపోతే లేదు."

"చేరడం కుదరదు సార్. ఆ ఫీజంటే ఆ పిల్ల ఇంకో విమానం ఎక్కాల్సిందే. ఎక్కి వెళ్ళడానికి అక్కడా ఎవరూ లేరు. పిల్ల చెయ్యని తప్పు పిల్ల మెడకెలా చుడతాం? అసలు నిజం చెప్పుంటే చాలు, రూలే మన్నించేది. తల్లి జబ్బు కాగితాలు పిల్ల తెచ్చిన చక్రాల పెట్టెలో ఉన్నాయి. ఇల్లు ఇక్కడే ఉంది, గది అలాగే ఉంది. తాత్కాలిక గైర్హాజరీకి ఇంతకన్నా ఏం కావాలి?"

"అయితే ఆ మేనత్తని నిజం రాసివ్వమను. పిల్ల ఇక్కడ లేదు, ఆ చీటీలు నావి అని. రేపు సాయంత్రంలోపు. లేకపోతే నన్నడక్కు."

ఆ రాత్రి పిల్లను గళ్ళక్క తన ఇంట్లోనే ఉంచుకుంది. శుక్రవారం పొద్దున ముగ్గురం వెళ్ళాం. తలుపు తీసిన మేనత్త పిల్లను తేరిపార చూసింది. గళ్ళక్క వైపు వంగి గుసగుసగా అడిగింది.

"ఎవరండీ ఈ అమ్మాయి?"

"అత్తా, నేనే."

"నువ్వు పైనున్నావుగా" అంది ఆవిడ, కోపం లేకుండా, తప్పు దిద్దినట్టుగా.

పిల్ల ఏడవలేదు. వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని మోకాలి మీద తల పెట్టింది. చాలాసేపటికి ఆవిడ చెయ్యి పిల్ల జుట్టు మీదికి వచ్చి, తడుముతూ, చెవి వెనక ఒకచోట ఆగింది. అక్కడ చిన్నప్పటి మచ్చ ఉందని పిల్ల తరవాత చెప్పింది. ఆవిడ తల తిప్పి మెట్లవైపు చూసింది. మళ్ళీ పిల్లను చూసింది.

"మొదటి వారం ఒక్కదాన్నే కూర్చుంటే ఇల్లు మింగేసేట్టుండేది" అంది మాలో ఎవరివైపూ చూడకుండా. "దీని గ్రంథాలయం కార్డు మీద ఒక పుస్తకం తెచ్చాను. ఆ రోజు ఇంట్లో ఇద్దరం ఉన్నట్టనిపించింది. మర్నాడు కోటు వేసుకుని బస్సెక్కాను. ఏ రోజైనా మానితే పైన నడక ఆగిపోతుందేమోనని..."

"ఆ రోజులు మీరు బతికినవేనమ్మా. మీవని రాసివ్వండి, చాలు" అంది గళ్ళక్క.

"నాకెందుకవి?"

పిల్లే అంది, తల ఎత్తకుండా: "నాకు కావాలత్తా. నువ్వు ఇంట్లో ఉన్నావనుకునే అక్కడ మూడేళ్ళు ఉండగలిగాను."

ఆవిడ కాగితం తీసుకుంది. ఈ మూడేళ్ళూ ఈ ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను అని గళ్ళక్క రాసిన వాక్యం రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టింది. చూస్తే అది పిల్ల సంతకం. గళ్ళక్క ఇంకో కాగితం ఇచ్చింది. మళ్ళీ పిల్ల సంతకమే, ఈసారి ఇంకా చక్కగా. ఆవిడ తన చేతికేసి, ఎవరిదో అన్నట్టు చూసింది. మూడో కాగితం మీద అక్షరం అక్షరం విడివిడిగా, కొత్తగా పలక పట్టినవాళ్ళలా తన పేరు రాసింది. చివరి అక్షరం పూర్తవుతుండగా పై గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మాలో ఎవ్వరమూ తల ఎత్తలేదు.

సాయంత్రం నాలుగింటికి గళ్ళక్క కొత్త కాగితం మీద గళ్ళు గీసింది. ఒక్కటీ నింపలేదు. కింద కారణం రాసి స్థానిక ఫీజు అని సంతకం చేసింది. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"అంతా ఖాళీయే కదక్కా?"

"ఎందుకు ఖాళీయో కింద ఉంది సార్, చదవండి."

ఆయన చదివి ముద్ర వేశాడు. పిల్ల సోమవారం తరగతిలో చేరింది.

తరవాతి నెలలో మేనత్త గళ్ళక్కకు కబురు చేసింది. తన పేరున గ్రంథాలయం కార్డు తీసుకోవాలి, నివాసానికి రుజువు అడుగుతున్నారు, ఇల్లంతా వెతికినా మూడేళ్ళలో తన పేరున్న చీటీ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా మా ఆఫీసుకు రాసిచ్చిన ఆ కాగితమే. గళ్ళక్క దాని నకలు మీద ముద్ర వేయించి, తనే తోడుగా వెళ్ళింది. పిల్ల అప్పుడు తరగతిలో ఉంది. గళ్ళక్క తలుపు దగ్గర బల్ల మీద కూర్చుంది. ఆవిడ ఒక్కతే కాలీడ్చుకుంటూ వెళ్ళి కాగితం ఇచ్చి నిలబడింది. లోపలి గుమాస్తా పేరు రాసుకుంటూ తల ఎత్తి, ఆవిడ వైపూ, ఆవిడ పక్కకీ మామూలుగా చూసి అడిగాడట.

"ఇద్దరికీ ఒక కార్డు చాలా, రెండు రాయనా?"

ఆవిడ పక్కకు తిరిగి చాలాసేపు అలాగే చూసిందట. వెనక వరసలోవాళ్ళు విసుక్కునేంతసేపు. తరవాత ఇటు తిరిగి, "ఒకటే" అందట.