రొట్టె చప్పుడు మీద ఇంగ్లీషు పాఠం

జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి కలిపితే ఒక వాసన లేస్తుంది. పచ్చిగడ్డి వాసనా కాదు, మట్టి వాసనా కాదు, రెండూ కలిసినట్టుంటుంది. అది ముక్కుకు తగిలితే చాలు, ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తట్టడం మొదలుపెడతాను. చెయ్యి తట్టేకొద్దీ నోరు దానంతట అదే కదులుతుంది. "ఎంజాయ్ రీడింగ్. అవాయిడ్ టాకింగ్. ఫినిష్ రైటింగ్." మా కోడలు శైలజ మొదటిసారి విన్నప్పుడు వంటింటి గడపలోనే నిలబడిపోయింది. "అత్తా, నువ్వు ఐదు వరకే గదా చదివింది? ఎవురితో మాట్లాడతాండావు?" అంది. ఏం చెప్పను? నందికొట్కూరులో మా ముందరి గదిలో అద్దెకున్న కరుణమ్మ టీచరమ్మను ఆ పిల్ల చూడలేదు. మీరూ చూడలేదు. అందుకే చెబుతున్నాను.

టీచరమ్మది కమలాపురం పక్క పల్లె. మా ఊరి బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, బంధువుల దగ్గరికి పోకుండా మా ఊళ్లోనే ఉండిపోయింది. పొడుగ్గా, కర్రలా నిటారుగా ఉండేది. చర్చి గోడకు అంటించిన కాగితంలో తప్పు కనబడితే సంచిలోంచి పెన్ను తీసి దిద్దాకే లోపలికి పోయేది. నోరు ఊరికే ఉండేది కాదు. కూరగాయల బండివాడితో మాట్లాడేది, కుక్కతో మాట్లాడేది, ఎవరూ లేకపోతే పాలగిన్నెతో మాట్లాడేది. సాయంత్రమైతే పదో తరగతి పిల్లలు మా పంచ నిండా కూర్చునేవాళ్లు. గోడ అలమరకు తెచ్చి మిగిలిపోయిన నల్లటి కడప బండ ఒకటి గోడకు ఆనించి ఉండేది. అదే ఆమెకు బోర్డు.

పిల్లల్ని రెండు వరసలుగా కూర్చోబెట్టేది. ఇంగ్లీషులో కొన్ని క్రియల వెనక 'ఇంగ్' తోకతో ఉండే మాటే రావాలట, దాన్ని జెరండ్ అంటారట. కొన్నిటి వెనక 'టు' పెట్టుకున్న మాటే రావాలట, అది ఇన్ఫినిటివ్ అట. ఒక వరస ఇంగ్ వాళ్లు, ఇంకో వరస టు వాళ్లు. ఆమె క్రియను అరిస్తే, దాని వరస లేచి మిగతాది అరవాలి. నా వంటిల్లు ఆ గోడ వెనకే. మొదటిరోజు కిటికీలోంచి కేక వేసింది.

"రత్నా, ఆ తప్పెట రోంతసేపు ఆపమ్మా! పిల్లోల్లకు నా మాట ఇనబడ్డంలే."

"ఆపితే మా ఇంట్లో తిండి యాడిది టీచరమ్మా?" అంటూనే ఆపాను.

ఆపగానే అవతల గందరగోళం. ఒకడు ముందు అరిచాడు, ఒకతి వెనక అరిచింది, సగం మంది నోళ్లే తెరవలేదు. అప్పటిదాకా వాళ్లందరూ నా రొట్టె చప్పుడుకే పాఠం అంటున్నారని ఎవరికీ తెలియలేదు. టీచరమ్మ మళ్లీ కిటికీలో తల పెట్టింది. "కొట్టు రత్నా, కొట్టు! నువ్వాపితే వీళ్ల నోళ్లు పడిపోతాండాయి." ఆరోజు నుంచి ప్రతి సాయంత్రం నేను తట్టడం, ఆమె అరవడం, పిల్లలు అందుకోవడం. ఒకసారి ఒక పిల్లవాడు, "టీచర్, మా నాయన నన్ను తన్నేది జెరండా, ఇన్ఫినిటివా?" అని అడిగాడు. "హోంవర్కు చేయకపోతే ఈపొద్దు ఇన్ఫినిటివ్, రేపు జెరండ్," అంది. పిల్లలతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వుకు రొట్టె విరిగింది.

తర్వాత నాకు నెమ్మదిగా చెప్పింది. "ఎంజాయ్ రీడింగ్ అంటే చదవడం అప్పటికే నీ చేతిలో ఉండాది. వాంట్ అంటే ఇంకా చేతికి రాలేదు, దానికోసం చెయ్యి చాపుతాండావు. అందుకే టు. అన్నిటికీ ఇది అతకదు, అతకనివి నోటికి నేర్చుకోవాల్సిందే."

ఒకరోజు పిల్లలు వెళ్లాక నేరుగా వంటింట్లోకి వచ్చింది. "రత్నా, వాంట్!" అంది, తరగతిలో అన్నట్టే.

"టు గో, టు ఈట్, టు సీ, టు లర్న్," అని వరస తప్పకుండా అప్పజెప్పాను.

"పాఠం ఎవురడిగినారు? నీకేం కావాల, అది చెప్పు."

"నాకేం కావాల టీచరమ్మా? బియ్యం ఉండాయి, నూనె ఉండాది."

ఆమె పొయ్యి పక్కన పీట లాక్కుని కూర్చుంది. "ఇంతకాలానికి నిన్ను ఎవురూ అడగలేదా?" అంది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. వెళ్లిపోయాక వెతుక్కుంటే నిజంగానే ఒక్కరూ గుర్తుకు రాలేదు.

ఆ ఏడు శ్రావణంలో వాన చుక్క లేదు. ఒక పొద్దున కొళాయి దగ్గర బిందె పడిన చప్పుడు విని పరిగెత్తాను. టీచరమ్మ తడి బండల మీద కూలబడి ఉంది. నోరు ఒక పక్కకు లాగేసింది. "టీచరమ్మా!" అంటే పెదవులు కదిపింది. వచ్చింది మాట కాదు, ఒక చప్పుడు. ఆ చప్పుడు ఆమెకే వినిపించి, ఆమె కళ్లలో భయం పుట్టింది. కర్నూలు పెద్దాసుపత్రిలో పక్షవాతం అన్నారు. అన్నీ అర్థమవుతాయి గానీ తిరిగి చెప్పలేకపోతోంది, మాట రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. చెయ్యీ కాలూ కొంత కుదుటపడ్డాయి. మాట మాత్రం రాలేదు. చూడవచ్చిన వాళ్లు చెవిటిదానితో మాట్లాడినట్టు అరిచేవాళ్లు. చర్చి ఆడవాళ్లు వచ్చి పాట అందుకుంటే కన్నీళ్లు వచ్చాయి, గొంతు రాలేదు. తల ఊపడం కూడా తారుమారైంది. నీళ్లు కావాలా అంటే అడ్డంగా ఊపి, గ్లాసు లాక్కునేది.

తమ్ముడు దేవదానం వచ్చాడు. మంచి మనిషి, అక్కంటే ప్రాణం. "మా అక్కను ఊరికి పిల్చుకపోతానమ్మా. చూసుకునేటోళ్లు ఆడ శానామంది ఉండారు," అన్నాడు నాతో. ఆమెను అడిగాడు, "అక్కా, పోదామా?" ఆమె తల ఊపింది. అది అవునో కాదో అతనికి తెలియదు, నాకూ తెలియదు. పాపం, మళ్లీ అడిగి, మళ్లీ అడిగి, చివరికి కారు మాట్లాడాడు.

కారు మధ్యాహ్నం వస్తుందనగా, దారిలో తింటారని రొట్టెలకు కూర్చున్నాను. టీచరమ్మను కుర్చీలో వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టారు. నేను పిండి తడుతున్నాను. కళ్లు మసకగా ఉన్నాయి. ఏం తోచక, అలవాటుగా "ఎంజాయ్" అన్నాను.

"రీడింగ్."

నా చెయ్యి పిండిలోనే ఉండిపోయింది. వెనక్కి తిరగడానికి భయం వేసింది. మళ్లీ తట్టాను. "అవాయిడ్."

"టాకింగ్."

"దేవదానమన్నా! బిరీన రా!" అని కేక పెట్టాను. అతను వచ్చి వింటూ వింటూ నేల మీద కూలబడిపోయాడు. నేను అంటున్నాను, ఆమె అందుకుంటోంది, ఒక్క మాటా జారడం లేదు. అతను ఏడుస్తూ, "అక్కా, నీళ్లు కావాలా?" అన్నాడు. నోరు మూతపడింది. తట్టితే పాఠం వస్తోంది, ఆపితే ఏమీ లేదు. నా సంబరమంతా చల్లారిపోయింది. ఇది ఆమె మాట్లాడటమా, లేక లోపల పాత పాఠం తిరుగుతోందా?

అప్పుడు ఆమె నన్ను అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. గట్టిగా తట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ, "టీచరమ్మా, వాంట్," అన్నాను. అన్నాక తెలిసింది ఎంత పని చేశానో. పాఠంలో దాని వెనక మొదట వచ్చేది 'టు గో'. ఆ మాట వస్తే పోతానంటోందని తమ్ముడు లేచి సామాను కారెక్కిస్తాడు. అది పాఠమే అయినా సరే.

"టు," అంది. పెదవులు వణికాయి. "టు... టు..." తట్టడం ఆపలేదు నేను. ఆమె మెడ నరాలు ఉబ్బాయి.

"టు స్టే."

స్టే పాఠంలో లేదు. ఆ పంచలో పలికిన ప్రతి మాటా నాకు తెలుసు. అన్ని సాయంత్రాల్లో ఏ రొట్టె మీదా నేను ఆ మాట తట్టలేదు.

"ఏమంటాంది?" అన్నాడు దేవదానం, అర్థమైనా కూడా.

"ఈడే ఉంటాదంట."

అతను ముఖం తుడుచుకుని, అప్పుడే వచ్చి ఆగిన కారు దగ్గరికి పోయాడు. "నువ్వు పో డ్రైవరన్నా, మేం రావడంలే," అనడం వినిపించింది. తర్వాత ఇంకొన్ని మాటలు వచ్చాయి గానీ పాత నోరు మళ్లీ రాలేదు. టీచరమ్మ మా ముందరి గదిలోనే ఉంది, ఆ గదిలోనే పోయింది. కడప బండ మీద ఆమె చేతి రాత చాలాకాలం తుడవనివ్వలేదు నేను.

ఇప్పటికీ పాఠంలో వాంట్ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. ఎవరో అడిగినట్టు ఉంటుంది. ఈరోజూ ఆగింది. అప్పటికి పెనం మీద మొదటి రొట్టె పొంగింది. మొదటిది ఎప్పుడూ మా ఆయనకు, తర్వాతవి పిల్లలకు. నాకు చివరిది, చల్లారింది.

"టు ఈట్," అన్నాను పైకే. పెనం మీది రొట్టె తీసి నా పళ్లెంలో వేసుకున్నాను. వేరుశనగ బుడ్డల కారం అద్దుకుని పొయ్యి ముందే తినడం మొదలుపెట్టాను.

శైలజ గడపలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. "అత్తా, ఏమైంది నీకు?"

నోటి నిండా రొట్టె, నాలుక కాలేంత వేడి. చెయ్యి ఎత్తి, ఆగమన్నాను.