నా కొడుకు ఏ డబ్బావాడూ కాదు

నా కొడుకు పోయాడు. ఉప్పుగూడ రైల్వే స్టేషన్ వెనక సందులో వీడియో గేముల షాపు నడిపేవాడు. ఆ చుట్టుపక్కల వాళ్లకు వాడు తెలుసు. డెంగీ వచ్చింది. జ్వరం తగ్గింది కదా, రేపు ఇంటికి తీసుకుపోదాం అనుకుని ఇడ్లీ తినిపించిన పూటే ఒళ్లు చల్లబడి మా చేతుల్లోంచి జారిపోయాడు. నలభై కూడా నిండలేదు. ఇప్పుడు ఇంట్లో నేను, కోడలు ఉన్నాము.

నేను ఐదో తరగతి వరకే చదువుకున్నాను. రాసిందంతా కోడలు ఒకసారి చూసి తప్పులు దిద్దింది. మాటలు మాత్రం మార్చొద్దని చెప్పాను. ఎందుకు రాస్తున్నానంటే, మా సందులో కరెంటు స్తంభాలకు కట్టిన రెండు పెద్ద ఫ్లెక్సీలు చూసి చాలామంది నా కొడుకు ఫలానా కంపెనీ మనిషి అనుకున్నారు. కొందరు ఈ కంపెనీ అన్నారు, కొందరు ఆ కంపెనీ అన్నారు. వాడు ఎవరి మనిషీ కాదు. అది చెప్పేదాకా నాకు అన్నం సయించదు.

టీవీకి తగిలించి ఆడే ఆటల డబ్బాలుంటాయి. మా షాపులో ఒక కంపెనీవి నల్లవి, ఇంకో కంపెనీవి తెల్లవి ఉండేవి. వాటి పేర్లకు నా నోరు తిరగదు, తిరిగినా ఇక్కడ రాయను. మా ఇంట్లో నల్లడబ్బా, తెల్లడబ్బా అనేవాళ్లం. నాకైతే రెండూ ఒకటే. తెర మీద మనుషులు ఉరుకుతారు, కార్లు పోతాయి, బాంబులు పేలుతాయి. కానీ నల్లదానికి కొన్న ఆట తెల్లదాంట్లో నడవదు. దీని రిమోటు దానికి పట్టదు. మంచి ఆట ఒకటి తయారైతే, అది మా డబ్బాలోనే ఆడాలి అని ముందే కొనుక్కుని దాచుకుంటారట. ఒకే కుండలో వండిన అన్నానికి ఇద్దరు రెండు తాళాలు వేసినట్టు ఉంటుంది నాకు. వీళ్లు పండక్కి కొత్త డబ్బా తెస్తున్నామంటే వాళ్లు పండక్కి ముందే తెస్తారు. నిన్నటి డబ్బా కొన్నవాడు ఇవాళ మొహం వేలాడేసుకుని తిరుగుతాడు.

వాళ్లు కొట్టుకుంటే కొట్టుకోనీ, వ్యాపారస్తులు. వాళ్లకోసం మా గల్లీ పిల్లలు కొట్టుకునేవాళ్లు. నల్లడబ్బా వాళ్లు ఒక పక్క, తెల్లడబ్బా వాళ్లు ఒక పక్క. చెప్పులు కూడా వేరువేరుగా విడిచేవాళ్లు. పెళ్లాం పిల్లలున్న మగవాళ్లు సైతం ఫోన్లలో ఒకర్నొకరు తిట్టుకునేవాళ్లు. ఏ కంపెనీలోనూ వీళ్లకు ఉద్యోగం లేదు, వాటా లేదు.

నా కొడుకు దీనికి ఒక పద్ధతి పెట్టాడు. ఓడినవాడు లేచి అవతలి డబ్బా దగ్గర కూర్చోవాలి. నల్లదాంట్లో ఓడితే తెల్లదాని దగ్గరికి, తెల్లదాంట్లో ఓడితే నల్లదాని దగ్గరికి. కూర్చోను అంటే ఆ పూటకు ఇంటికే. ఆటో నడిపే ఇమ్రాన్ మొదటిసారి ఓడినప్పుడు ఎంతకీ లేవలేదు. వాడు నల్లడబ్బా మనిషి, ఆటో వెనక దాని బొమ్మ కూడా అంటించుకున్నాడు. నేను చాయ్ ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

"అన్నా, గా తెల్లదాని కాడ కూసుంటే నా ఇజ్జత్ పోతది" అన్నాడు ఇమ్రాన్.

"నీ ఇజ్జత్ గీ డబ్బాల వెట్టినవా భాయ్? నేనింక ఆటోల ఉంటదనుకున్న" అన్నాడు నా కొడుకు.

అందరూ నవ్వారు. ఇమ్రాన్ కూడా నవ్వలేక నవ్వి లేచి వెళ్లాడు. సాయంత్రానికి తెల్లదాని దగ్గరనుంచి వాణ్ణి లేపడం కష్టమయింది.

చెబితే నమ్మరు గానీ నా కొడుకు ఆడేది తక్కువ. గోడకు ఆనుకుని కూర్చుని ఆడేవాళ్ల ముఖాలు చూసేవాడు. తెర ఏం చూస్తావమ్మా, వీళ్లను చూడు, గెలిచేముందు నాలుక బయట పెడతారు అనేవాడు. పొద్దున షాపు తెరిచాక దేవుడి పటానికి ముట్టించిన అగరుబత్తినే డబ్బాలన్నిటికీ చూపించేవాడు. ఒకరోజు నల్లవాటి నుంచి మొదలుపెడితే మర్నాడు తెల్లవాటి నుంచి. ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. అయినా అట్లాగే చేసేవాడు.

ఈ పద్ధతి రెండు డబ్బాల డీలర్లకూ నచ్చలేదు. నల్లడబ్బా డీలరు మలక్‌పేటలో ఉంటాడు, తెల్లడబ్బా డీలరు దిల్‌సుఖ్‌నగర్‌లో. మా బోర్డు ఒక్కటే పెట్టు, కుర్చీలిస్తాం, ఏసీ పెట్టిస్తాం అని ఇద్దరూ మనుషుల్ని పంపేవాళ్లు. ఒకసారి నల్లడబ్బా డీలరు స్వయంగా వచ్చాడు. ఏదో ఒక దిక్కు తేల్చుకో, రెండు పడవల మీద ఎన్నాళ్లుంటావు అని నా ముందే అడిగాడు.

"ఆట ఆడేటోనిదన్నా, డబ్బా అమ్మేటోనిది గాదు. బోర్డు వద్దు గని, చాయ్ తాగి పో" అన్నాడు నా కొడుకు.

ఆ మాట వాడు చాలాసార్లు అన్నాడు. డీలరు చాయ్ తాగాడు. పోతూ పోతూ దసరాకు నా కొడుకు కుంకుమ పెట్టిన డబ్బాల్లో తన కంపెనీది ఒక్కదాన్నే ఫొటో తీసుకుని, పాతబస్తీ పూజించే డబ్బా అని ఫోన్లో పెట్టుకున్నాడు. అది చూసి నా కొడుకు నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు.

మా ఆయన బతికున్నన్నాళ్లూ ఉస్మాన్‌గంజ్‌లో ఒక పప్పుల సేటు దగ్గర గుమాస్తా. వాళ్ల దుకాణానికి ఎదురు దుకాణం వాళ్లకు బద్ధ విరోధి. పొద్దున్నే లొల్లి మొదలయ్యేది. ఒకరి బేరం ఒకరు చెడగొట్టేవాళ్లు, ఒకరి హమాలీని ఒకరు లాక్కునేవాళ్లు. కానీ ఒకరింట్లో చావు జరిగితే అవతలి దుకాణం షట్టర్ సగం దించేది. సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి వెళ్లి ఏ సరుకూ అడగరు ఎవరూ. ఆ రోజు గంజ్‌లో గొంతు పెంచి ధర చెప్పేవాళ్లు కాదు. వ్యాపారమంటే అట్లా ఉంటుందని నేననుకున్నాను.

నా కొడుకు పోయిన మూడో రోజు, పిట్టకు ముద్ద పెట్టి వచ్చేసరికి నల్లడబ్బా డీలరు మనుషులు మా ఇంటి ముందు కూర్చుని ఉన్నారు. పేపర్లో వేయిస్తాం, మంచి ఫొటో ఇవ్వమ్మా అన్నారు. కోడలు ఏడుస్తూనే ఫోన్లోంచి ఒకటి పంపింది, మా ఆడపడుచు ఇంట్లో పెళ్లప్పటిది, చిలకపచ్చ చొక్కాలో ఉన్నది. సాయంత్రం తెల్లడబ్బా వాళ్లు వచ్చారు. వాళ్లకూ అదే పంపింది.

మర్నాడు పొద్దున మా ఇంటి ఎదుటి స్తంభానికి ఫ్లెక్సీ వేలాడుతోంది. మా ఇంటి ముందు గోడంత ఉంది. నా కొడుకు చిలకపచ్చ చొక్కాను నల్లగా మార్చారు. చేతిలో వాళ్ల రిమోటు పెట్టారు. మా కుటుంబ సభ్యునికి అశ్రునివాళి అని రాశారు. దాని కింద వాళ్ల కొత్త డబ్బా బొమ్మ. బొమ్మ కింద ఇంకో వరుస ఉంది. నేను కూడబలుక్కుని చదివాను. పాతది ఇవ్వండి, కొత్తది తీసుకెళ్లండి.

నా కొడుకు ముఖం కింద ఆ మాట రాశారు.

మధ్యాహ్నానికి దాని పక్క స్తంభానికి తెల్లడబ్బా వాళ్ల ఫ్లెక్సీ లేచింది. మొదటిదానికన్నా పెద్దది. ఇందులో చొక్కా తెల్లగా మార్చారు, ముఖానికి కూడా తెలుపు పూశారు. ఆఖరి ఆట మా డబ్బా మీదే ఆడాడు అని రాశారు. అబద్ధం. వాడు ఆఖరి వారమంతా మంచం మీదే ఉన్నాడు. ఆ ఫ్లెక్సీల కింద రెండు డబ్బాల పిల్లలూ చేరి, ఆఖరి ఆట నల్లదాని మీదనా, తెల్లదాని మీదనా అని వాదించుకున్నారు. ఒకడు మా గుమ్మం దగ్గరికొచ్చి నన్నే అడిగాడు. నేను తలుపు వేసుకున్నాను.

పదకొండో రోజు లోపల ఆ రెండూ దిగాలి. చుట్టాలొస్తారు, వాడి పేరు తలుచుకుని నలుగురు అన్నం తింటారు. వాడు అమ్మకానికి నిలబడ్డట్టు వీధిలో వేలాడుతుంటే నేను విస్తరి ఎట్లా వేయను? ఇమ్రాన్ ఆటో ఎక్కి మలక్‌పేట వెళ్లాను. డీలరు మర్యాదగానే కూర్చోబెట్టాడు, నీళ్లిచ్చాడు. ఫోన్ తిప్పి, మీ వాడి ఫ్లెక్సీని ఎంతమంది మెచ్చుకున్నారో చూడు అన్నాడు. తీయమన్నాను.

"తీస్తమమ్మా, ఇప్పుడే తీస్తం. గని ముందుగాల ఆళ్లది తీయమను. మాది ముందు దింపితే మేము ఓడిపోయినట్టు కొడ్తది."

దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. తెల్లడబ్బా డీలరు నా కాళ్లకు దండం పెట్టాడు. వాళ్లు అట్లాగే అంటారని నాకు తెలుసమ్మా, వాళ్లది దిగిన అర్ధగంటలో మాది దింపుతాం అన్నాడు.

"నా కొడుకు సచ్చిపోయిండు బిడ్డా. గెలుసుడేంది, ఓడుడేంది?" అన్నాను.

ఆయన తల వంచుకున్నాడు. కానీ దింపుతానని అనలేదు. అంత అందమైన దుకాణంలో, అన్ని లైట్ల మధ్య నాకు కుళ్లిన కూరగాయల వాసన కొట్టినట్టయింది. నీళ్లు ముట్టుకోకుండా లేచాను.

సందులోకి తిరిగి రాగానే ఇమ్రాన్ ఆటో ఆపి, సున్నం వేసేవాళ్ల దగ్గర నిచ్చెన అడిగి తెచ్చాడు. జనం మూగారు. ఎవరిది ముందు దింపుతావ్ అని ఎవడో అరిచాడు. ఇమ్రాన్ నల్లడబ్బా వాళ్ల స్తంభానికి నిచ్చెన వేశాడు.

"మాదే ముందుగాల దింపుత. మేమే ఓడినమని రాసుకోన్రి" అన్నాడు.

ఒక తాడు కోయగానే ఫ్లెక్సీ ముందుకు వాలి, నా కొడుకు ముఖం మధ్యకు ముడుచుకుపోయింది. మడవకు బిడ్డా అన్నాను కింద నుంచి. ఇమ్రాన్ రెండో తాడు విప్పి, పసిపిల్లను దింపినట్టు మెల్లగా వదిలాడు. కింద నలుగురు పట్టుకున్నారు. తెల్లడబ్బా ఆడేవాళ్లే ముందుకొచ్చి పట్టుకున్నారు. తర్వాత రెండోది దింపారు.

దింపాక వాటినేం చేయాలో తెలియలేదు. జనం ఫ్లెక్సీలను బండ్ల మీద కప్పుకుంటారు, రేకుల మీద పరుస్తారు, గేదెల కొట్టాలకు కడతారు. వాడి ముఖాన్ని ఎక్కడ పరవను? కాల్చలేను, ఒకసారి కాల్చి వచ్చాము. డాబా మీదికి తీసుకుపోయి రెండూ పక్కపక్కన పరిచాము. కోడలు కత్తెర తెచ్చింది. నేను డబ్బా బొమ్మలు కత్తిరించాను. అక్షరాలు కత్తిరించాను. రిమోటు పట్టుకున్న చేతులు వాడివి కావు, అవి కూడా కత్తిరించాను. రెండు ముఖాలు మిగిలాయి. వీధి దుమ్మంతా వాటి మీదే ఉంది, ఒకదాని చెంప మీద కాకి రెట్ట ఉంది. పాత చీర పేలిక తడిపి తుడవడం మొదలుపెట్టాను. ముఖం ఎంత పెద్దదంటే, మోకాలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చొక్కా మీద మోకరించి కనుబొమ్మలు తుడిచాను, ముక్కు పక్కన తుడిచాను, చెవి మడతల్లో వేలు పెట్టి తుడిచాను.

ఇటుకలు పెట్టి ఆరబెట్టేసరికి ఎండ చురుక్కుమంటోంది. నేను నీడకు వచ్చి కూర్చున్నాను. కోడలు రాలేదు. ఎండల ఎందుకు బిడ్డా, ఇటు రా అన్నాను. తను కదలలేదు. ఆ రెండు తలల దగ్గర కాసేపు ఇటు, కాసేపు అటు నిలబడుతోంది. అప్పుడు చూశాను, తన నీడ వాడి కళ్ల మీద పడుతోంది.