గాడిద గారికి నమస్కరించి

నిన్న చిక్కడపల్లిలో కొన్న జిగురు సీసా మూత ఇప్పుడే తీశాను. ఆ పుల్లటి వాసన తగలగానే కామేశ్వరి మేడం గుర్తొచ్చారు. అందరూ ఈమెయిళ్లు పంపుకునే రోజుల్లోనూ ఆవిడ బల్ల మీద జిగురు సీసా ఉండేది. నారాయణగూడలో ఆవిడ నడిపిన మా ల్యాబ్‌లో ఒకటే చట్టం. ఎవరినైనా తిట్టాలంటే తెలుగులో, 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి ఉత్తరం రాయాలి. కవరు అంటించి ఇవ్వాలి. "కవరు ఆరేలోపు కోపం ఆరకపోతే అప్పుడు చూద్దాం" అనేవారు.

చట్టం ఆవిడ ఎదుట ఉన్నంతసేపే. మాది బియ్యంలో పట్టే పురుగుల మీద పరిశోధన. కొత్తవాళ్లకు పని నేర్పే బాధ్యత సీనియర్ శేఖర్‌ది. "సీసా గట్ల పెట్టాల్నా సార్?" అని నేనడిగితే, "గట్లనే, గిట్లనే!" అని రాగం తీసేవాడు. అందరూ నవ్వేవారు. ఆ పక్కనే బర్కత్‌పురలో పుట్టి పెరిగిన నాకు, నా మాటలో నవ్వడానికేముందో అర్థమయ్యేది కాదు. రెండు నెలల్లో ప్రశ్నలు అడగడమే మానేశాను. అడగకుండా నేను బిగించిన పురుగుల సీసా మూత ఒకరోజు ఊడింది. మధ్యాహ్నం శేఖర్ పులిహోర సగం తిన్నాక, అందులో ఒక ఆవగింజ నడిచింది.

"గాడిదా! నీకెందుకు పరిశోధన?" అని అందరి ముందూ అరిచాడు. సాయంత్రం అశోక్ నగర్‌లో మేడం ఇంటికి వెళ్లాను.

"మేడం, నేను మానేస్తున్న. నాతోని కాదు."

ఆవిడ కాఫీ ఇచ్చి, పక్కన కాగితాలు పెట్టారు. "మానేయడమూ ఉత్తరంలోనే అమ్మా. కారణం పూర్తిగా రాయి."

నాలుగు పేజీలైంది. చదివి కళ్లద్దాలు తీశారు. "ఇది రాజీనామా కాదమ్మా, ఫిర్యాదు. చట్టం పెట్టేశాను కదా అని నిశ్చింతగా కూర్చున్నాను. తప్పు నాది."

అంత పెద్దావిడ నాతో ఆ మాట అనేసరికి ఏడుపొచ్చింది. కాఫీలో ఉప్పు కలిసింది.

మర్నాడు కొత్తవాళ్ల బాధ్యత శేఖర్ నుంచి తీసుకుని తన మీదే పెట్టుకున్నారు. తర్వాత మా ఇద్దరినీ గదిలోకి పిలిచి, నిన్నటి తిట్టు చట్టం ప్రకారం రాయమని అతని చేతికి కాగితం ఇచ్చారు. అరగంట చెమటోడ్చి రాశాడు: 'గౌరవనీయులైన సరిత గారికి నమస్కరించి వ్రాయునది. తమరు ఒక గాడిద.'

మేడం ఎర్ర పెన్సిలు తీశారు. "గాడిద తర్వాత గారు పడలేదు నాయనా."

అతను దిద్ది, పైకి చదివాడు. "తమరు ఒక గాడిద గారు." ముందు నాకే నవ్వొచ్చింది, తర్వాత అతనికీ ఆగలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు అతను క్షమాపణ మాత్రం చెప్పలేదు. కానీ నా 'గట్ల'కి మళ్లీ ఎవరూ రాగం తీయలేదు. నేనూ మానలేదు.

మేడం ఇప్పుడు లేరు. నాకూ ఒక ల్యాబ్ ఉంది. ఈ ఉదయం కొత్తగా చేరిన రమ్య ట్రేలు తప్పుగా సర్ది మూడు నెలల నమూనాలు పాడుచేసింది. నోటిదాకా వచ్చింది మింగి కాగితం తీశాను. 'గౌరవనీయులైన రమ్య గారికి నమస్కరించి వ్రాయునది. ట్రేలు ఎలా సర్దాలో నేను మీకు నేర్పిన రోజున...'

అక్కడ కలం ఆగిపోయింది. అలాంటి రోజు లేదు. మొన్న ఆ పిల్ల ఏదో అడగబోతే "తర్వాత చూద్దాం" అన్నాను.

ఇంకో కాగితం మీద క్షమాపణ రాసి, కవరు అంటించాను. కోపమైతే ఆరేదాకా ఆగాలి. ఇది కోపం కాదు కదా. తడి కవరుతోనే రమ్య బల్ల దగ్గరికి బయల్దేరాను.