మంచె మీద పన్నెండో పాఠం

నేను ఏడో తరగతి దాకా చదివాను. రెండుసార్లు పంచ్‌గా, అంటే వార్డు మెంబరుగా, గెలిచాను. ఊరికి బోరింగు వేయించాను. ఆరోగ్య సబ్‌సెంటర్ కోసం తొమ్మిదేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను. అది రాకముందు కాన్పు కష్టమైన ఆడవాళ్ళను మంచం మీద భోపాల్‌పట్నం ఆసుపత్రికి మోసుకెళ్ళేవాళ్ళం. పదమూడు మందిని నా భుజం మీద మోశాను. పదకొండు మంది తిరిగొచ్చారు.

సబ్‌సెంటర్ నర్సు కృష్ణకుమారి వచ్చాక ఆ మంచం అటకెక్కింది. ఆరేళ్ళలో ఆమె చేతుల్లో ఒక్క తల్లి కూడా పోలేదు.

నిరుడు ఆమె ఫోన్‌కు జిల్లా ఆఫీసు నుంచి పాఠాలు వచ్చాయి. ఒక్కోటి ఐదు నిమిషాలు, చివర మూడు ప్రశ్నలు. నెలాఖరుకు పన్నెండూ నెగ్గని నర్సు కాన్పులు చేయకూడదట. ఊళ్ళో సిగ్నల్ అందేది నా మక్కచేను మంచె మీదే.

"మంచెకు కిరాయి ఏమిస్తవ్ సిస్టరమ్మా?" అనేవాణ్ణి.

"మోకాళ్ళ నొప్పికి గోలీలిస్తున్న గద పెదనాన్నా. ఇంకేంది?" అనేది. పాఠాలు మాత్రం శ్రద్ధగా వినేది. తెలియనివి రెండు మూడు నేర్చుకున్నానని చెప్పింది.

ఆఖరి రోజు పన్నెండోది మిగిలింది. కాన్పయ్యాక ఆగని రక్తం గురించి. సగంలో ఉండగా గంగే మొగుడు లక్మా పరిగెత్తుకొచ్చాడు.

"సిస్టర్, గంగే కన్నది. నెత్తురు ఆగుతలేదు."

"రెండు నిమిషాలే గద, అయిపోగొట్టి పో" అన్నాను.

"ఆమెకు రెండు నిమిషాలు ఉన్నయో లేవో" అంటూ ఫోన్ నా చేతిలో పెట్టి దిగిపోయింది.

పాఠం అయిపోయి ప్రశ్నలు వచ్చాయి, హిందీలో. పది నిమిషాల్లో జవాబు ఇవ్వకపోతే పాఠం రద్దని రాసి ఉంది. చదవడం వచ్చినవాణ్ణి, పదమూడు మందిని మోసినవాణ్ణి, నాకు తెలియనిదేముంది అనుకున్నాను. మొదట ఏం చేయాలి అంటే, పెద్దాసుపత్రికి పంపాలి అన్నదాని మీద నొక్కాను. మిగతా రెండూ అలాగే.

మూడూ తప్పే. మొదట కడుపు మీద గట్టిగా రుద్దాలి, సూది వేయాలి అని ఫోనే చూపించింది. అదే సమయంలో గంగే ఇంట్లో కృష్ణకుమారి ఆ పనే చేస్తోంది. గంగే బతికింది.

"నువ్వెందుకు నొక్కినవ్ పెదనాన్నా?" అని కృష్ణకుమారి ఒక్కసారే అడిగింది.

బీజాపూర్ జిల్లా ఆఫీసుకు వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. సొంత ఫోన్ ఇంకొకరికి ఎందుకిచ్చిందని ఆమెనే తిట్టారు. పాఠం నెగ్గలేదని ఆమెను ఉసూర్ ఆఫీసులో కాగితాల పనికి వేశారు. కాన్పుల గదికి తాళం పడింది.

శ్రావణంలో మా ఊరి ముయా పెళ్ళానికి నొప్పులొచ్చాయి. అటక మీది మంచం నేనే దించాను. ఆసుపత్రి దారిలో వాగు నిండుగా ఉంది.

ఇప్పుడు మోసినవాళ్ళు పద్నాలుగు మంది. తిరిగొచ్చినవాళ్ళు పదకొండే.